దాదీకి ఆకలి లేదు

నా పేరు తస్లీమ్. మస్తాన్ గారి చిన్నమ్మాయిని. మాది నూజివీడు. మొన్నటిదాకా ఈ మూడు ముక్కలూ దాచిపెట్టడమే నా పని, ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను.

మా అబ్బా మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. పూత మీదే బేరం అయిపోతుంది, ఇక కాయ దిగేదాకా కాపలా మాదే. ఈ ఏడు దశరథరామయ్య గారి తోట. ఎండలు ముదరగానే ఇంటికి తాళమేసి, మంచాలూ గిన్నెలూ ఆటోలో వేసుకుని తోటలో పాకలోకి మారిపోయాం. అబ్బా, అమ్మీ, నేను, అబ్బా వాళ్ళమ్మ ఖాసింబీ. మా దాదీ. ఆమెకి డెబ్భై దాటాయి, షుగరుంది. అయినా వడిసెల తిప్పి రాయి వదిలిందంటే కోతి మళ్ళీ ఆ చెట్టు ఎక్కదు. చుట్టుపక్కల తోటల్లో ఆమెని వడిసెల మామ్మ అంటారు.

నేను సెలవులకి కాలేజీ హాస్టల్ నుంచి వచ్చాను. వచ్చేటప్పుడు ఫోన్లో ఒక బ్లాగు కూడా తెచ్చుకున్నాను. రంజాన్ రోజాల్లో హాస్టల్లో ఒక్కదాన్నే తెల్లారకముందే లేచి చప్పుడు కాకుండా బిస్కెట్లు నమలడం, "మీరు ఇంట్లో తెలుగే మాట్లాడతారా?" అని అడిగేవాళ్ళు, నమాజు తప్పిన రోజు బాధ, తప్పినా బాధ కలగని రోజు భయం. ఇవన్నీ ఎవరితో చెప్పుకోను? పేరు లేకుండా రాసుకున్నాను. అబ్బాకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా! నా రూమ్మేట్ ఉదయశ్రీకి ఒక్కదానికే తెలుసు. చదివేది కూడా అదొక్కతే.

అప్పుడు దాదీ గురించి రాయాలనిపించింది. వడిసెల లేకుండా దాదీని రాయలేను. వడిసెల ఉందంటే నూజివీడులో చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. అందుకని ఊరు చింతలపూడి అన్నాను. అబ్బాని టైలర్ని చేశాను. 'వడిసెల దాదీ' అని పేరు పెట్టి, ఆమె ఈమధ్యే చచ్చిపోయిందని తారీఖుతో సహా రాశాను.

దాచడానికి మాత్రమే అంటే అబద్ధం. చచ్చిపోయిందని రాస్తే బాగా పండుతుందనిపించింది. పండింది.

ఎవరో షేర్ చేస్తే, ఎక్కడెక్కడి వాళ్ళో ఏడుస్తూ రాశారు. మాలో చనిపోయినవాళ్ళ పేరు మీద ఊదొత్తులు వెలిగించి, పన్నీరు చల్లి, ఫాతిహా చదివి, వాళ్ళకిష్టమైంది వండి నలుగురికీ పెడితే, అది వాళ్ళకి చేరుతుందని నమ్మకం. దాదీ షుగరని కూడా చూడకుండా దొంగచాటుగా సేమ్యా ఖీర్ తింటుందని రాశాను కదా, గుంటూరు నుంచి ఒకావిడ ఫొటో పెట్టింది. 'మీ దాదీ పేరు మీద ఖీర్ చేసి వీధంతా పంచామమ్మా' అని. నేను దానికి హార్ట్ పెట్టాను. సిగ్గులేనిదాన్ని.

ఆ రోజే దాదీ కంచం పక్కకి నెట్టింది.

"ఆకలి లేదే. ఇందాకే తిన్నట్టుంది."

"ఏం తిన్నారు అత్తమ్మా?" అంది అమ్మీ.

"ఏమో. నోరంతా తియ్యగా ఉంది."

ఎండదెబ్బ అన్నాడు ఆర్ఎంపీ. మర్నాడూ తినలేదు. ఆ తర్వాత ఏ పూటైనా అదే మాట. కామెంట్లు పెరిగేకొద్దీ మనిషి పుల్లలా అయిపోయింది. దగ్గరికెళ్తే పన్నీరు వాసన. పొద్దున్నే ఆమె దుప్పటి దులిపితే సన్నగా బూడిద రాలేది. ఊదొత్తి బూడిద. మా పాకలో ఊదొత్తులే లేవు.

నాకు అర్థమైంది. 'మా దాదీ బతికే ఉంది, నేను అబద్ధం రాశాను' అని ఒక్క ముక్క రాస్తే చాలు. రాసేదాన్ని. ఇంతమంది ఛీ అంటారని చెరిపేసేదాన్ని. రేపు రాద్దాంలే అనుకుని పడుకునేదాన్ని, పక్క మంచం మీద దాదీ ఎముకలు లెక్కపెట్టేలా కనిపిస్తుంటే.

ఒక సాయంత్రం అబ్బా, అమ్మీ కాయల లోడుతో మార్కెట్‌కి వెళ్ళారు. గాలిదుమారం వచ్చేలా ఉంది. మగ్రిబ్ అజాన్ ఊళ్ళోంచి సన్నగా వినబడింది. నమాజు చేసి చూద్దును కదా, దాదీ మంచం ఖాళీగా ఉంది.

మగ్రిబ్ వేళ చెట్ల కింద తిరగొద్దని నాకు చెప్పిందే ఆమె. బయట ఇంకా వెలుతురుంది కానీ, మామిడి కొమ్మలు నేలని తాకుతున్న చోట అప్పుడే చీకటి. రాలిన కాయలు కుళ్ళిన వాసన, జీడి ఘాటు. కోతుల చప్పుడు లేదు. కాళ్ళ కింద ఎండుటాకులు కరకరమంటున్నాయి. నేను ఆగాను. ఆకుల చప్పుడు ఆగలేదు... నా చుట్టూ ఎవరెవరో వచ్చి కూర్చుంటున్నట్టు, అలా ఇంకాసేపు వినబడింది.

పన్నీరు వాసన పట్టుకుని వెళ్ళాను. తోట చివర, పెద్ద రసం చెట్టు కింద దాదీ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెయ్యి నేల మీదికి వెళ్తోంది. నోటి దగ్గరికి వస్తోంది. మళ్ళీ నేల మీదికి.

నేల మీద ఏమీ లేదు.

"దాదీ..."

"ష్... చదువుతున్నారు."

"ఎవరు?"

"తెలీదే. చాలామంది. నా పేరు కూడా తెలీదు పాపం. వడిసెల దాదీ అంటన్నారు."

ఆ పేరు నేను పెట్టింది. బ్లాగులో తప్ప ఎక్కడా లేదు.

మోకాళ్ళ మీద కూలబడ్డాను. "నేనే దాదీ... నువ్వు చచ్చిపోయావని రాశాను... మాఫ్ చెయ్యి దాదీ..."

ఆమె చెయ్యి నా తల మీద పెట్టింది. చల్లగా ఉంది, కుండ అడుగులా.

"నాకు చెప్తే ఏం లాభమే పిచ్చిదానా. పెట్టేది వాళ్ళు. వాళ్ళకి చెప్పు. నేనింకా ఇక్కడే ఉన్నానని చెప్పు. తొందరగా..."

తోటలో నెట్ మోటారు షెడ్డు దగ్గరే వస్తుంది. పరిగెత్తాను. తెరవగానే కొత్త కామెంటు. 'రేపు మీ దాదీ నలభయ్యో రోజు కదా. మా మదర్సా పిల్లలందరితో చదివిస్తున్నాం.' నలభై రోజులయ్యాక రూహ్, అంటే ఆత్మ, ఇల్లు వదిలి వెళ్ళిపోతుందంటారు మావాళ్ళు.

'మా దాదీ బతికే' అని కొట్టాను. వేలు ఆగిపోయింది. మదర్సా పిల్లలకి కూడా అబద్ధం చెప్పానా నేను? ఛీ... ఏ మొహం పెట్టుకుని చెప్పను?

బ్లాగు మొత్తం తీసేస్తే పోదా? అబద్ధమూ పోతుంది, పరువూ దక్కుతుంది.

డిలీట్ నొక్కేశాను.

వెనక్కి వచ్చేసరికి దాదీ పాకలో గిన్నెల మూతలు తీసి చూస్తోంది. "ఎక్కడ చచ్చావే? ఆకలి దంచేస్తోంది!" మామిడికాయ పప్పు కలుపుకుని గబగబా తింది. మారు వడ్డించాను, అదీ తింది. నాకు ఏడుపు ఆగలేదు.

"చెప్పావా వాళ్ళకి?"

"చెప్పాను దాదీ."

వారం తిరక్కుండానే ఉదయశ్రీ ఫోన్ చేసింది. "ఎందుకే తీసేశావ్? ఏదో గ్రూపులో పెట్టారు, చూశా. దాదీ మీద బెంగతో ఆ పిల్ల కూడా పోయిందంట అని. అందరూ నమ్మేశారే! 'వడిసెల దాదీ మనవరాలు' అని నీ మీద కూడా ఏదో చదువుతున్నారంట. ఓసారి హలో చెప్పవే వాళ్ళకి."

నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. అమ్మీ కంచం పెట్టి పిలిచింది.

"ఆకలి లేదమ్మీ. ఇందాకే తిన్నట్టుంది."

పక్కన దాదీ చేతిలో ముద్ద ఆగిపోయింది. నా వైపు చూసింది. "చెప్పలేదా నువ్వు?" అంది మెల్లగా.

అందుకే ఇప్పుడు పేరు పెట్టి, అబ్బా పేరు పెట్టి, ఊరు పెట్టి రాస్తున్నాను. ఛీ అనేవాళ్ళు అనండి. తస్లీమ్ బతికే ఉంది. ఆ గ్రూపు తెలిసినవాళ్ళు చెప్పండి. నా మీద ఏమీ చదవొద్దు, ఏమీ వండొద్దు. నా కడుపు నిండిపోయింది.

పాక వెనకాల ఆకులు కరకరమంటున్నాయి. కూర్చుంటున్నారు. మొదలుపెట్టారు... నిన్నటిదాకా 'వడిసెల దాదీ మనవరాలు' అనేవాళ్ళు. ఇవాళ అలా అనడం లేదు. నూజివీడు మస్తాన్ కూతురు తస్లీమ్ అంటున్నారు.

ఇది నేనింకా ఎవరికీ పంపలేదు.