జొన్న గట్క, పచ్చిపులుసు

పొద్దున్నే పనసపొట్టు సంచీతో మెట్లెక్కుతూనే సాంబమూర్తి మొదలుపెట్టాడు.

"సింధూ, ఆవముద్ద దించాక కలపాలమ్మా. పొయ్యి మీద ఉండగా కలిపావా, చేదెక్కిపోతుంది. పాలకొల్లులో మీ నానమ్మ ఈ కూర వండితే నాలుగిళ్ళ అవతలికి ఘుమఘుమలు వెళ్ళేవి. ఇది నాలుక మీద పడితే మీ అమ్మ లేచి కూర్చుంటుంది చూడు."

సింధు సంచీ అందుకుంది. తల్లి అండాలమ్మ కోసం ఆఫీసుకి సెలవు పెట్టి మూసారాంబాగ్ నుంచి వచ్చి ఉంటోంది. ఆమెని ఆస్పత్రి నుంచి తెచ్చినప్పటి నుంచీ తండ్రి ఇలాగే ఉన్నాడు. మాట ఆపితే ఏడుపొస్తుందని భయం కాబోలు, తిండి గురించి తెరిపి లేకుండా మాట్లాడుతున్నాడు. మామూలు రోజుల్లో మాత్రం ఏం తక్కువ మాట్లాడాడు గనక! విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా వాళ్ళ విస్తట్లో పాలకొల్లుని వెతికి, దొరకలేదని మొహం మాడ్చుకుని వస్తాడు.

డాక్టరు ఆ మాట చెప్పి వారం కూడా కాలేదు. "ఇక మందులతో ఆవిణ్ణి హింసపెట్టొద్దండీ. ఇంటికి తీసుకెళ్ళి ఏది ఇష్టమైతే అది పెట్టండి," అన్నాడు. ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళెవరు? సింధు అక్కడే ఆస్పత్రి మెట్ల మీద కూలబడింది. సాంబమూర్తి మాత్రం చివరి ముక్క ఒక్కటే పట్టుకున్నాడు. దిబ్బరొట్టి కాల్పించి చెరుకు పానకం పోయించాడు. చింతచిగురు రొయ్యలు వండించాడు. కందా బచ్చలి చేయించాడు. అన్నీ అండాలమ్మ మంచం దాకా వెళ్ళాయి, అన్నీ అలాగే వెనక్కొచ్చాయి. ఒక్క ముద్ద తీసుకుని, కళ్ళు మూసుకుని, మొహం గోడవైపు తిప్పేసుకునేది.

నొప్పి మందు మత్తులో ఆమెకి కాలం కలగాపులగమైపోతోంది. కాసేపు కూతుర్ని గుర్తుపట్టి బుగ్గ నిమురుతుంది. ఇంకాసేపటికి, ఎప్పుడో పోయిన అత్తగారు శేషారత్నం పక్కగదిలో ఉన్నట్టు, "అత్తయ్యగారు లేచారా?" అని కంగారుగా అడుగుతుంది.

ఆ పూట పనసపొట్టు కూరా వెనక్కే వచ్చింది. సింధు గిన్నెని వంటగట్టు మీద ఠక్కున పెట్టింది.

"నాన్నా, అసలు అమ్మకేం ఇష్టం?"

"అదేం ప్రశ్న? దిబ్బరొట్టి ఇష్టం, పనసపొట్టు ఇష్టం, ములక్కాడ జీడిపప్పు కూరంటే..."

"అవన్నీ మీకిష్టం. నేనడిగేది అమ్మ గురించి."

సాంబమూర్తికి కోపం వచ్చింది. కోపం కంటే ముందు ఇంకేదో వచ్చింది గానీ దాన్ని పట్టించుకోలేదు. గదిలోకి వెళ్ళి మంచం మీద వంగాడు.

"అండాళూ, నీకేం తినాలనుంది? చెప్పు. ఏదైనా సరే, ఎక్కణ్ణించైనా తెప్పిస్తాను."

అండాలమ్మ ఆయన మొహంలోకి చూసి, నీరసంగా నవ్వింది. "మీ ఇష్టమండీ," అంది.

సింధు గుమ్మంలోనే నిలబడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఆ మాట వింటూనే ఉంది. వంట ఏం చేస్తావూ, మీ ఇష్టమండీ. చీర ఏ రంగు కొననూ, మీ ఇష్టమండీ. అమ్మ వడ్డిస్తుంటే తినడం తప్ప, అమ్మ తింటుంటే చూసిన జ్ఞాపకం తనకి మాత్రం ఏముంది?

"మావయ్యకి తెలిసుంటుంది. హయత్‌నగర్ వెళ్దాం పదండి," అంది.

"జంగయ్య దగ్గరికా? వాడు ఈ గడప తొక్కి ఎన్నేళ్ళయింది? నేను రాను."

"అమ్మ కోసం కూడా రారా?"

పనిమనిషి తిరుపతమ్మని మంచం పక్కన కూర్చోబెట్టి ఇద్దరూ కారెక్కారు. ఎల్‌బీ నగర్ దాటారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ ఎంత దూరం గనక? సిటీ బస్సు పోతుంది. పాలకొల్లు వెళ్ళాలంటే రాత్రంతా ప్రయాణం, అయినా ఆ ఊరి వంట ఏ రోజూ ఇంట్లో తప్పలేదు. పక్కనే ఉన్న హయత్‌నగర్ మాత్రం ఆ పొయ్యి దాకా ఎప్పుడూ రాలేదు.

జంగయ్య అండాలమ్మకి తమ్ముడు. పొలాలు ప్లాట్లయ్యాక పాత పెంకుటిల్లు పడగొట్టి అక్కడే మూడంతస్తులు లేపాడు. గేటు దగ్గరే కుర్చీలో ఉన్నవాడు బావని చూసి లేవలేదు, మేనకోడల్ని చూసి లేచాడు.

"రా బిడ్డా. ఏందే, గిట్ల చిక్కిపోయినవ్? అక్కకెట్లుంది?"

"బాగాలేదు మావయ్యా. ఏది ఇష్టమైతే అది పెట్టమన్నారు."

ఆయనకీ అర్థమైంది. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. లోపల్నుంచి ఆయన భార్య కిష్టమ్మ మంచినీళ్ళు తెచ్చి, ఆ మాట విని అక్కడే నిలబడిపోయింది.

సాంబమూర్తి గొంతు సవరించుకున్నాడు. "అన్నీ చేయించాం జంగయ్యా. ఏదీ ముట్టుకోవటం లేదు. ఆవిడకి ఏమిష్టమో నీకేమైనా..."

"ఏందీ?" జంగయ్య ఆయన వైపు మొదటిసారి తిరిగాడు. "మళ్ల చెప్పు. మా అక్కకేమిష్టమో నన్నడుగుతున్నవా? ముప్పై ఏండ్లు దాటింది ఆమె చేతి బువ్వ తినబట్టి. ఆమెకేమిష్టమో నువ్వు నాకు చెప్పాలె బావా!"

"అడిగితే మీ ఇష్టమంటుంది. నేనేం చెయ్యను?"

"గట్ల అనుడు ఎవరు నేర్పిండ్రు? ఒక్కపారి అడిగింది గద మా అక్క. సింధు కడుపుల ఉన్నప్పుడు. యాదికున్నదా?"

సాంబమూర్తి తల దించుకున్నాడు. సింధు ఇద్దరి వంకా చూసింది. "ఏమడిగింది మావయ్యా?"

"జొన్న గట్క, పచ్చిపులుసు. గంతే బిడ్డా. వేవిళ్ళతోని ఏం తిన్నా కక్కుకుంటున్నదని మా అమ్మ పొద్దుగాల లేచి జొన్నలు దంచి, రవ్వ ఉడకబెట్టి, క్యారియర్ల పెట్టుకొని బస్సెక్కింది. మీ నానమ్మ మూత తీసి చూసి ఏమన్నదో ఎర్కనా? గిది కూలోల్ల తిండి, మా వంశంల పుట్టే బిడ్డకు గిది పెడ్తమా, అన్నది. గా మాట అన్నందుకు నాకేం బాధ లేదు. ఆమె పెద్దమనిషి, ఆమెకు మా తిండి తెల్వదు. నీకు తెల్వదా బావా?"

"జంగయ్యా, ఇప్పుడవన్నీ..."

"ఇప్పుడే చెప్తా. బిడ్డ ముంగటనే చెప్తా. కొత్తగా నౌకరీకొచ్చి మా ఇంట్ల అర్ర కిరాయికి తీసుకున్నవ్. టైఫాయిడ్ వచ్చి పడుంటే మా అమ్మ పూటపూటకు గట్క తాగిపిస్తేనే గద లేచినవ్! ఇంకింత పొయ్యి అత్తమ్మా అని గిన్నె చాపినోడివి. గట్ల తిన్నోడివి, ఆ రోజు మీ అమ్మ ముంగట గా క్యారియర్ పట్టుకపోయి పక్క బిల్డింగుల మట్టి మోసేటోళ్ళకు పోసొచ్చినవ్. కడుపుతోని ఉన్న మా అక్క చూస్తనే ఉన్నది. మా అమ్మ ఖాళీ క్యారియర్ తోటి బస్సుల ఏడ్సుకుంట వచ్చింది. అగో, గా గేటు కాడనే కూసున్నది. మళ్ల సచ్చిపోయేదాంక మీ ఇంటికి రాలే. నేనూ రాలే."

సింధు తండ్రి వైపు చూసిన చూపుకి, ఆయన ఒంట్లో ఏ మూలైనా మిగిలిన పౌరుషం కూడా చచ్చిపోయింది.

"నిజమేనా నాన్నా?"

"మా అమ్మ బాధపడుతుందని, అప్పటికి..." అన్నాడాయన. ఆ జవాబు ఆయన చెవికే రోతగా వినిపించింది.

కిష్టమ్మ నెమ్మదిగా అంది. "పండుగలకు వచ్చినప్పుడు తినేది అన్నా, వదినె. పొయ్యి కాడ కూసొని గిన్నె పట్టుకొని తినేది. తిన్నంక రెండుపార్లు పండ్లు తోముకునేది. సోంపు నమిలేది. ఉల్లిగడ్డ వాసన మా ఆయనకు పడదు కిష్టమ్మా, మా అత్తకు తెలుస్తే బాగుండదు అనేది. బస్సెక్కే ముంగట నా మొకం కాడికొచ్చి ఊది, వాసనొస్తుందా చూడు, అనేది. నేను నవ్వేదాన్ని. ఆమె నవ్వకపోయేది."

ఆ తర్వాత ఎవర్నీ అడక్కుండానే కిష్టమ్మ లోపలికి నడిచింది. "జొన్న రవ్వ ఉన్నది. చింతపండు నానేస్తా. మీ ఇంట్లనే ఉడకబెడ్త, వేడివేడిగ తింటది," అంది. జంగయ్య వద్దనలేదు. తను మాత్రం కారెక్కలేదు. "నేను రేపొస్త. ఇయ్యాల వస్తే నోరూకోదు. అక్క ముంగట లొల్లెందుకు?" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో మధ్యాహ్నం జొన్న రవ్వ ఉడుకుతుంటే, ఎన్నడూ ఎరగని వాసనకి వంటిల్లు కొత్తగా ఉంది. కిష్టమ్మ పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిపాయ ముక్కలతో కలిపి చేత్తోనే పిసికింది. చింతపండు నీళ్ళు పోసి, జీలకర్ర, కొత్తిమీర వేసింది. పొయ్యెక్కించని పులుసు కావడంతో నిమిషాల్లో అయిపోయింది. ముప్పై ఏళ్ళ పాటు ఒక మనిషికి తన ఇంట్లో అందకుండా పోయింది ఈ నిమిషాల పనేనా అని సింధు కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల ఘాటు మీదకి నెట్టడానికి వీలుగానే ఉంది.

సాంబమూర్తి గుమ్మం బయటే ఉండిపోయాడు. లోపల కిష్టమ్మ గిన్నె పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"వదినె, గట్క తెచ్చిన. లే."

"ఎవలు? కిష్టమ్మనా?" అండాలమ్మ గొంతు. "ఎప్పుడొచ్చినవ్? అయ్యో, ఇంత గనం తెచ్చినవ్. పులుసు ఇంకింత పొయ్యి. ఆ, గట్ల. కారం జర తక్కువేసినవ్ కాదే?"

బయట సాంబమూర్తి విన్నాడు. ఆ మాట తీరు ఎంత కాలమైంది విని! ఆ భాష మాట్లాడే పిల్లనే కదా తను కోరి చేసుకున్నది. పెళ్ళయ్యాక ఆమె మాట మారింది, చీర కట్టు మారింది, వంట మారింది. అన్నీ వాటంతటవే మారాయని అనుకున్నాడు. అది తన మంచితనమని కూడా అనుకున్నాడు, ఏనాడూ గొంతెత్తి మార్చుకోమని చెప్పలేదు గనక.

లోపల చెంచా చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఆమె తింటోంది. ఆయనకి కళ్ళు నిండాయి. గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని లోపలికి అడుగు పెట్టాడు.

అండాలమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. ఆ క్షణంలో ఆ మొహంలో కనిపించింది గుర్తుపట్టడం కాదు, భయం. కిష్టమ్మ చేతిలోని గిన్నె లాక్కుని గబగబా దుప్పటి కిందకి తోసేసింది. పులుసు ఒలికి పక్క తడిసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏం తినలే," అంది. వెంటనే సర్దుకుంది. "ఏమీ తినలేదండీ. కిష్టమ్మ ఊరికే చూసిపోదామని వచ్చింది. అంతే."

సింధు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. సాంబమూర్తి నీళ్ళు కింద పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. దుప్పటి కింద నుంచి గిన్నె తీశాడు.

"నాకూ కొంచెం పెట్టు అండాళూ."

"కూలోళ్ళ తిండండీ," అందామె, చిన్నపిల్లకి నచ్చచెబుతున్నట్టు. "మీరు తినలేరు."

ఆయనే తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. జ్వరంలో పడుకున్న అద్దె గదీ, గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ అత్తగారూ, ఆవిడ వెనక నుంచి తొంగిచూసే రెండుజడల పిల్లా ఆ ముద్దతో పాటే వచ్చారు.

"బాగుందా అండీ?" ఆత్రంగా ఆయన మొహమే చూస్తోంది. పెళ్ళైన కొత్తలో మొదటిసారి ఆవకూర వండినప్పుడూ ఇలాగే చూసింది.

బాగుందని చెప్పబోయాడు. ఏడుపు అడ్డం పడి మాట పెగల్లేదు. ఆ మౌనాన్ని ఆమె తనకి అలవాటైనట్టే అర్థం చేసుకుంది. మొహం చిన్నబోయింది.

"నచ్చలేదు కదూ. పోనీలెండి. పక్క బిల్డింగులో మట్టి మోసేవాళ్ళున్నారుగా, వాళ్ళకి పోసేయండి."

"ఎవరికీ పొయ్యను!" సాంబమూర్తి బావురుమన్నాడు. "ఎవరికీ పొయ్యను అండాళూ. ఇది నీది. బాగుంది. అప్పుడూ బాగుంది. నేనే చెప్పలేదు. నేనే..."

ఆయన ఏడుస్తూనే పులుసులో తడిపి ఒక ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాడు. తన చేత్తో ఆమెకి అన్నం పెట్టడం అదే మొదలు. అండాలమ్మ కాసేపు ఆ చేతి వంకా, ఆయన వంకా చూసింది.

"అత్తయ్యగారు పడుకున్నారా?" అని గుసగుసగా అడిగింది.

"పడుకుందిలే. తిను."

ఆమె నోరు తెరిచింది. ముద్ద నమిలింది, మింగింది, మళ్ళీ నోరు తెరిచింది. తింటున్నంతసేపూ ఆమె చూపు తలుపు మీదే ఉంది.