పగలే చీకటి పడే గది

ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళొద్దని కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేసేవారు. పెద్దవాళ్ళ ముందు కాదు... టీ తాగే చోట, గొంతు బాగా తగ్గించి.

పాడుబడ్డ కొంపేమీ కాదది. పెద్ద పరిశోధనశాల కింద, నేలమాళిగలో, వసారా చివరనున్న గది. గచ్చు అద్దంలా ఉంటుంది. గోడ మీద మరకుండదు. అయినా సరే, ఆ గదిలో పనంటే కరెంటు పనివాడు కూడా ఎవరైనా తోడొస్తే గానీ కదిలేవాడు కాదు.

ఎందుకంటే అక్కడ పగలే రాత్రి.

అందులో ఉండేవి తెల్ల చిట్టెలుకలు. అవి మేలుకుని తిరిగేది రాత్రిపూట. వాటిని చూసుకునే మనుషులు పనిలోకి వచ్చేది పగటిపూట. అందుకని అక్కడ కాలాన్నే తిరగేశారు. పొద్దున్నే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి, సాయంత్రానికి వెలుగుతాయి. బయట ఎండ మండిపోతుంటే లోపల అర్ధరాత్రి. మనుషుల కోసం ఒక్క ఎర్రబల్బు... ఆ ఎరుపు ఎలుకల కంటికి ఆనదు.

పైగా అవి మామూలు ఎలుకలు కావు. పుట్టకముందే వాటి జన్యువుల్ని మార్చేశారు. పెరిగేకొద్దీ, రోగాన్ని తరిమికొట్టాల్సిన కణాలే సొంత క్లోమం మీదపడి ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని వెతికి వెతికి చంపేస్తాయి. షుగరు వచ్చి తీరుతుంది. కొందరు మనుషులకి అలాగే ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికే ఆ ఎలుకలు. పై అంతస్తులవాళ్ళు దాన్ని పరిశోధన అనేవారు. కిందివాళ్ళు మాత్రం, తన ఒంటిని తానే తినే ప్రాణి ఉన్నచోట గాలి మంచిది కాదనేవారు.

ఆ మధ్య ఇంకో పుకారు లేచింది. గదికి ముందున్న చిన్న అరలో, ఎలుకల సీసాలు నింపడానికి మరగకాచిన నీళ్ళు క్యానుతో పెడతారు. ఆ నీళ్ళు మాయమవుతున్నాయి. పొద్దున నిండుగా ఉన్న క్యాను మధ్యాహ్నానికి ఖాళీ. కింద చూస్తే చుక్క తడి ఉండదు. వెనకెప్పుడో ఓ ఆడమనిషి ఆ గదిలో దాహం దాహం అంటూ పోయిందట... ఆ దాహం ఇంకా తీరలేదట. ఎవరామె అంటే మాత్రం చెప్పగలిగినవాళ్ళు లేరు.

పెద్దకోడలు ఇలాంటివి నమ్మే మనిషి కాదు.

అక్కడ అందరూ ఆమెని అలాగే పిలిచేవారు. ఎందుకంటే వాళ్ళింటి చిన్నకోడలూ అక్కడే పనిచేసేది. ఎలుక తోక చివర సూదితో గుచ్చి, చుక్క నెత్తురు తీసి షుగరు చూడటం పెద్దకోడలి పని. రోగం ముదిరినవాటిని నొప్పి తెలియకుండా చంపి, క్లోమం తీసి పైకి పంపేదీ ఆమే. చిన్నకోడలిది బోన్లు కడిగే పని. ఆ పని ఇప్పించింది పెద్దకోడలే.

ఇద్దరికీ మాటల్లేవు.

పెద్దకోడలికి పిల్లల్లేరు. మరిదికి కూతురు పుడితే, ఆ పిల్లని కింద పెట్టకుండా పెంచింది. తినిపించడం, నిద్రపుచ్చడం అన్నీ తనే. పిల్లకి నడకొచ్చిన ఏడు, చుట్టాలందరూ కూర్చుని ఉండగా, చిన్నకోడలు వచ్చి ఆమె ఒళ్ళోంచి పిల్లని లాక్కుంది.

"రోజూ ప్రాణాలు తీసే చేతులు," అంది. "నా పిల్ల మీద వెయ్యకు."

పెద్దకోడలు లేచింది. పెరట్లోకి వెళ్ళి చేతులు తోముకుంది... తోలు లేచేదాకా తోముకుంది. మర్నాటి నుంచి ఇంట్లో పొయ్యిలు వేరయ్యాయి. పనిలో వేళలు వేరయ్యాయి. తప్పనిసరిగా ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో ఎలుకల డాక్టరు ఉండేవాడు. ఆయన ఇక్కడికి రాకముందు గుర్రాలకి వైద్యం చేసినవాడు, గొంతు ఇప్పటికీ గుర్రాలకి సరిపోయేదే. మీ ఇంటి తగువులు మొయ్యడానికి నాకు అదనంగా ఏమీ ఇవ్వటం లేదమ్మా అని వసారా అంతా వినబడేలా విసుక్కునేవాడు.

ఈ మధ్య చిన్నకోడలు బాగా చిక్కిపోయింది. మెడ ఎముకలు బయటికొచ్చాయి. పెద్దకోడలు చూసింది. చూసి... మంచిదే అనుకుంది.

అదొక సెలవురోజు. మేడంతా నిర్మానుష్యం. ఎలుకలకి సెలవులుండవు కాబట్టి పెద్దకోడలు మధ్యాహ్నం ఒక్కతే కిందకి దిగింది. అరలో క్యాను ఖాళీగా పక్కకి దొర్లి ఉంది. ఎవరినో తిట్టుకుంటూ లోపలి తలుపు తోసింది.

ఎర్రటి చీకటి.

బోన్లలో ఎలుకలు కింద పరిచిన పొట్టు తవ్వుతున్న గరగర. అది రోజూ ఉండేదే. కానీ వాసన...

షుగరు ముదిరిన ఎలుక దగ్గర ముక్కు పెడితే, మాగిపోయిన పండులాంటి తీపి కంపు సన్నగా తగులుతుంది. ఆమెకది బాగా అలవాటు. ఇప్పుడు ఆ కంపు గదంతా నిండి ఉంది. పిడికెడు ప్రాణి ఒంట్లోంచి వచ్చే వాసన కాదది. మనిషంత ఎలుక ఎక్కడో పడుకుని ఉంటే వచ్చే వాసన.

తర్వాత వినబడింది — ఊపిరి.

లోతుగా, గబగబా, కొలిమితిత్తి ఆడినట్టు. గది ఆ చివర నుంచి.

పెద్దకోడలు ఓ అడుగు వేసింది. ఊపిరి ఆగిపోయింది.

ఆమె ఆగింది. నిశ్శబ్దం... ఎలుకలు కూడా తవ్వడం మానేసినట్టనిపించింది. ఇంకో అడుగు వేసింది. ఏమీ లేదు. భ్రమేమోనని వెనక్కి తిరగబోయింది — అప్పుడు, ఆపలేక తెగిపోయినట్టు, ఆ ఊపిరి మళ్ళీ భళ్ళున బయటపడింది. ఈసారి దగ్గరగా.

తాను కదిలితే ఆగుతోంది. తనని వింటోంది.

నమ్మని మనిషే వెనక్కి పరిగెత్తింది. తలుపు దగ్గరికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. చెయ్యి గొళ్ళెం మీద పడింది. అప్పుడు, భయానికి ఏమాత్రం సంబంధం లేని మాట ఒకటి బుర్రలో తగిలింది... దెయ్యానికి షుగరెందుకొస్తుంది?

వెనక్కి తిరిగింది.

చివరి ర్యాకు వెనక, గోడకీ ఇనుపకాళ్ళకీ మధ్య, ముడుచుకుని పడి ఉంది ఆకారం. ఎర్ర వెలుతుర్లో పెదాలు నల్లగా పగిలి ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నాయి. పక్కన నీళ్ళ సీసా.

చిన్నకోడలు. పొద్దుటి పని ముగించుకుని ఎప్పుడో ఇంటికి వెళ్ళి ఉండాల్సిన మనిషి.

పెద్దకోడలు నిలబడిపోయింది. ప్రాణాలు తీసే చేతులు అన్న మాట, అన్న గొంతుతో సహా చెవిలో పలికింది. ఇప్పుడీ చేతులు ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే తలుపు మూసి వెళ్ళిపోతే చాలు. తను వచ్చినట్టు కూడా ఎవరికీ తెలీదు... ఆ ఆలోచన వచ్చినంత తొందరగానే పోయిందని ఆమె అనుకుంది.

మోకాళ్ళ మీద కూర్చుని, ఎలుకలకి వాడే మిషనుతోనే ఆ వేలు గుచ్చి చూసింది. అంకె రాలేదు. దాని లెక్కకి అందనంత ఉంది షుగరు. చంకల కింద చేతులేసి వసారాలోకి ఈడ్చింది. ఫోనులో అరిచింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ తల తన ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది — ఒంట్లోని కణాలే క్లోమాన్ని తినేశాయనీ, ఇకమీదట ప్రతిరోజూ ఇన్సులిన్ తప్పదనీ, కాస్త ఆలస్యమైతే దక్కేది కాదనీ. చూసిన వెంటనే తెచ్చారు కదా అని అడిగితే, పెద్దకోడలు వెంటనే తెచ్చానంది.

దాహం సంగతి తర్వాత తెలిసింది. జబ్బని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని దాచిందట. ఒంటరిగా ఎవరూ అడుగుపెట్టని చోటు కదా అని అక్కడికెళ్ళి కడుపునిండా తాగేదట. క్యాను ఖాళీ చేసిన దెయ్యం ఆమే. అందరూ తేలిగ్గా నవ్వుకున్నారు. గుర్రాల డాక్టరు మరీ గట్టిగా నవ్వాడు.

కాస్త కోలుకున్నాక పెద్దకోడలు చూడటానికి వెళ్ళింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. గోడవైపు చూస్తూ అడిగింది.

"నేను లోపలికొచ్చేసరికి నీకు స్పృహ ఉందా?"

"ఉంది."

"మరి పిలవలేదే? పైగా ఊపిరి బిగబట్టావు."

చిన్నకోడలు పైకప్పు కేసి చూస్తూ ఉంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అడుగులు నీవని తెలిసింది. చూసి కూడా వదిలేసి పోతావనిపించింది. నువ్వు చూడలేదు పాపం అనుకుంటూ చచ్చిపోవడం నయమనుకున్నా."

పెద్దకోడలు ఏదో అనబోయింది. వదిలెయ్యలేదుగా, మోసుకొచ్చాగా అనబోయింది. చిన్నకోడలు నెమ్మదిగా తల ఇటు తిప్పింది. ఇన్నేళ్ళలో మొదటిసారి వరస పెట్టి పిలిచింది.

"చాలాసేపే నిలబడ్డావక్కా."