మే నెలలో స్వెట్టర్

అర్జునరావు పారాదీప్ నుంచి తిరిగొచ్చేసరికే ఫిషింగ్ హార్బర్లో కథానాయకుడైపోయి ఉన్నాడు. ఆ సంగతి అందరికన్నా ఆఖర్న తెలిసింది అతనికే.

"ఒరే బావా, ఎంత పని సేసినావురా," అన్నాడు అతని స్నేహితుడు గురువులు, జెట్టీ మీద వల బాగుచేసుకుంటూ. "నువ్వెల్లిన కాడ్నించి సీతాలు మనిసి కాదు. తిండి నేదు, మాట నేదు, ఎప్పుడు సూడు పడకే. డాక్టరు కూడా దిగులని సెప్పీసినాడు."

"దిగులా? ఎవుల మీద?"

"నీ మీద కాపోతే నా మీదేటి?"

అర్జునరావు బోటు ఇంజన్ల మెకానిక్కు. ఆరు నెలల కిందట పారాదీప్‌లో పని దొరికి వెళ్లాడు. సీతాలు అతని మేనత్త అసిరమ్మ కూతురు. పెళ్లి మాట పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్నారు గాని, సీతాలు మాత్రం అతనికి ఏనాడూ అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. హార్బర్లో చేపల వేలం పాట నడిపే పిల్ల. ఏ మాట ఎప్పుడు ఖాయం చెయ్యాలో ఆమెకు తెలుసు.

ఆమె గొంతెత్తితే నాలుగు బోట్లు స్టార్టయి ఉన్నా ఆఖరి వరసలో వ్యాపారికి ధర వినబడేది. మగవాళ్లు మూడు గంపల పాట ముగించేలోపు ఆమె ఐదు గంపలు అమ్మేసేది. అలాంటి పిల్ల తనకోసం దిగులుతో మంచం పట్టిందంటే ఏ మగాడికి ఛాతీ రెండంగుళాలు పెరగదు? పెరిగింది. కటక్‌లో కొన్న వెండి జడపిన్ను జేబులో తడుముకుని, క్రాపు దువ్వుకుని మరీ వేలం షెడ్డుకి నడిచాడు.

షెడ్డులో పాట పాడుతున్నది అసిరమ్మ. సీతాలు ఓ మూల చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. మే నెల ఎండకి ఐసు మోసేవాళ్లు కూడా చెమటలు కక్కుతున్నారు. సీతాలు ఒంటిమీద మాత్రం ఎర్ర స్వెట్టరుంది.

"నాకోసం బెంగెట్టుకున్నావంట గదా," అన్నాడు అర్జునరావు, స్తంభానికి ఆనుకుని స్టయిలుగా.

సీతాలు నెమ్మదిగా తలెత్తింది. ముఖం కాస్త ఉబ్బి ఉంది. "నీ మొకం," అంది.

తిట్టు పాతదే. గొంతు మాత్రం పాతది కాదు. బొంగురుపోయి, మాట మాటకీ ఆగుతూ వచ్చింది.

అతను కంగారు దాచుకుని ఓ జోకు వేశాడు. "పారాదీప్‌లో మా ఓనరు నాకు ఒరియా నేర్పిత్తానన్నాడు. ఆర్నెల్లయేసరికి నాకు ఒరియా రానేదు గాని, ఆయనకి మన తిట్లన్నీ వొచ్చీసినాయి."

సీతాలు అలాగే చూసింది. జోకు చచ్చిపోయిందనుకుని అతను జడపిన్ను తీసి చేతిలో పెట్టాడు. అప్పుడు నవ్వింది. పిన్నుకి కాదు, జోకుకి.

ఆమె పిన్ను జడలో గుచ్చుకుంది. అది జారి నేల మీద పడింది. మళ్లీ గుచ్చుకుంది, మళ్లీ పడింది. చెయ్యంత లావుండే జడ చిటికెనవేలంత అయిపోయింది. ఆమె పిన్నుని గుప్పిట్లో దాచేసుకుని అటు తిరిగింది. అర్జునరావు ఛాతీ పెరిగినంతా తగ్గిపోయింది.

"వొచ్చినావు గదా అల్లుడూ, నా పేణం కుదుటపడ్డాది," అంది అసిరమ్మ పాట ముగించి. "వొచ్చే గురువారం ముహూర్తం. డాక్టరిచ్చిన దిగులు మాత్రలు మూణ్ణెల్లుగా మింగతన్నాది, మరీ మత్తుగా పడుంటంది. గంగాలమ్మకి మొక్కినాను. పెళ్లయితే దిగులు అదే పోద్ది."

కోరుకున్న పిల్లని పళ్లెంలో పెట్టి ఇస్తున్నారు. అర్జునరావు తలూపాడు. కాని ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

అర్జునరావు ఇంజన్ ముట్టుకునే పద్ధతి వేరు. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ముందు వింటాడు. బోటు లాగకపోతే అందరూ డీజిల్ కల్తీ అనేస్తారు. అతను విన్నాక గాని విప్పడు. ఆ పద్ధతిని ఆ నాలుగు రోజులూ సీతాలు మీద పెట్టాడు. ఎండలో నిలబడినా ఆమెకు చెమట పట్టదు. చేతి గాజులు ఇరుక్కుపోయాయి. నిన్న పాడిన ధర ఇవాళ గుర్తుండటం లేదు. నవ్వు వస్తోంది గాని, ప్రతిసారీ ఆలస్యంగా వస్తోంది.

ఐదో రోజు అసిరమ్మ ఇంట్లో శుభలేఖ రాయిస్తుంటే అతను లేచి నిలబడ్డాడు.

"అత్తా, దీనికి ఏటైందో తేలేదాకా నాను పీటల మీద కూకోను."

శుభలేఖ రాసే కలం ఆగింది. "తేలడానికేటున్నాది?" అంది అసిరమ్మ. "పారాదీప్‌లో ఇంకోత్తి ఉన్నాదని సెప్పు, తెల్లగా తేలిపోద్ది."

అతను జవాబు చెప్పేలోపే సీతాలు బయటికి నడిచింది. అకాలపు వాన మొదలైంది. అతను పరిగెత్తి ఐసు ఫ్యాక్టరీ చూరు కింద ఆమెను పట్టుకున్నాడు.

"ఉబ్బిపోయినాను. జుట్టూడిపోతన్నాది. ఒద్దంటే ఒద్దని సెప్పు బావా, జబ్బని సాకులెందుకు?" స్వెట్టర్ తడిసి ఆమె వణుకుతోంది.

"సాకు కాదే. నాను ఎల్లినందుకు నీకు దిగులైతే, వొచ్చినాక తగ్గాల గదా. ఐదు రోజులైంది. ఒక్క పిసరు తగ్గినాదేటి?"

సీతాలు ఆలోచించింది.

"తగ్గనేదు," అంది చివరికి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అందరూ దిగులు దిగులంటంటే నానే నమ్మీసినాను బావా. పాట మద్దెలో గొంతాగిపోతంటే నా మనసే సెడ్డదనుకున్నాను. ఇంక నాను పాట పాడలేనేమోనని బయమేస్తన్నాది."

నాలుగు బోట్ల మోతని దాటే గొంతు గల పిల్ల, బయమేస్తన్నాదని చెప్పడానికి గుసగుసలాడింది.

మర్నాడు ఆమెను వన్ టౌన్‌లో అత్తరు కొట్టు మేడ మీదున్న డాక్టర్ నూరున్నీసా దగ్గరికి తీసుకెళ్లాడు. అసిరమ్మ అలిగి కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని గంటసేపు ప్రశ్నలడిగింది. మెడ తడిమింది. సీతాలుని కుర్చీ మీద మోకాళ్లపై నిలబెట్టి, మడమ పైన చిన్న సుత్తితో కొట్టింది. పాదం కదిలింది గాని వెనక్కి రావడానికి తీరిగ్గా టైము తీసుకుంది.

"దీని నవ్వు కూడా అలాగే వొత్తన్నాదండి, లేటుగా," అన్నాడు అర్జునరావు. "దిగులున్నోళ్లకైతే నవ్వు రాదు గదండి."

"వాళ్లూ నవ్వుతారు బాబూ. నవ్వుని బట్టి నేనూ చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. రక్తం మద్రాసు పంపుదాం."

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ సీతాలుని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మెడలో థైరాయిడ్ అని ఓ గ్రంథి ఉంటుంది బేటా. నీకది మందగించింది. అందుకే చలి, నిద్ర, మతిమరుపు, గొంతు బొంగురు. చూసేవాళ్లకి అచ్చం దిగులులాగే ఉంటుంది. ఒంట్లో రక్తం తగ్గినా ఇలాగే పొరబడతారు. దిగులనే జబ్బు కూడా నిజంగా ఉంది, దానికీ మందుంది, అందులో సిగ్గేమీ లేదు. కాని నీది కాని జబ్బుకి మందు మింగితే నీ జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇంకా వదిలేస్తే గుండెకీ చేటు."

"అయితే నా మనసు సెడిపోనేదా అమ్మా?"

"నీ మనసు నిక్షేపంలా ఉంది. రోజూ పరగడుపున ఈ మాత్ర వేసుకో. బహుశా జీవితాంతం. ఆ పాత మాత్రలు ఒక్కసారిగా మానకు, ఎలా తగ్గించాలో రాసిస్తాను."

"జీవితాంతమా?" అంది అసిరమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

"రోజూ అన్నం తినడం నేదేటే అమ్మా," అంది సీతాలు.

మెట్లు దిగుతూ అసిరమ్మ మేనల్లుడి భుజం మీద చెయ్యి వేసింది. "ఇంకోత్తి ఉన్నాదన్నాను. మనసులో పెట్టుకోకు అల్లుడూ," అంది.

మొదటి నెల పెద్ద తేడా కనబడలేదు. రెండో నెలలో స్వెట్టర్ పెట్టెలోకి వెళ్లింది. మూడో నెలలో ఓ ఉదయం, వాన వెలిసిన హార్బర్లో గురువులు బోటు ఇంజను విప్పుతున్న అర్జునరావుకి షెడ్డులోంచి ఓ కేక వినబడింది. చెవికి స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండానే వినబడింది. అతను గ్రీజు చేతుల్తోనే పరిగెత్తాడు.

సీతాలు చెక్కపెట్టె ఎక్కి నిలబడి ఉంది. వంజరం చేపల గంప చూపిస్తూ ఒకటోసారి, రెండోసారి అంటుంటే వ్యాపారులు తోసుకొస్తున్నారు. అసిరమ్మ కళ్లు తుడుచుకుంటూ పక్కనే నిలబడింది. ఐదు గంపల పాటా గుక్క తిప్పుకోకుండా ముగించి సీతాలు పెట్టె దిగింది. తిరిగి ఒత్తుగా వస్తున్న జుట్టులో కటక్ పిన్ను నిలిచి ఉంది.

అర్జునరావు గర్వంగా గ్రీజు చేత్తోనే బుగ్గ మీది చెమట తుడుచుకున్నాడు. కాని మూణ్ణెల్లుగా నలుగుతున్న అనుమానం ఒకటుంది.

"సీతాలూ, ఒక మాట. జబ్బు థైరాయిడ్ అని తేలిపోయినాది. అంటే నాకోసం నువ్వు దిగులు పడనేదన్నమాట."

"ఒక్క రోజూ పడనేదు."

"ఒక్క రోజు కూడానా?" అతని ముఖం వాడిపోయింది.

సీతాలు అతని బుగ్గ మీది గ్రీజు పైట కొంగుతో తుడిచింది. వ్యాపారులందరూ చూస్తుండగానే తుడిచింది.

"ఎందుకు పడతాను బావా? పనికెల్లినావు. పనవగానే నా కాడికే వొత్తావని నాకు తెలుసు. వొచ్చీవోడి కోసం దిగులేటి? ఇంక అమ్మకి సెప్పి ముహూర్తం పెట్టించు."

ఈసారి ఆలస్యమైంది అర్జునరావు నవ్వే. వచ్చాక మాత్రం ఆగలేదు.

జెట్టీ దగ్గర గురువులు తల గోక్కుంటూ అడిగాడు. "ఏట్రా బావా, లాటరీ తగిలినోడి నాగా ఆ నవ్వేటి?"

"సీతాలు నాకోసం ఒక్క రోజు కూడా దిగులు పడనేదంటరా," అన్నాడు అర్జునరావు, నాలుగు బోట్లవాళ్లకీ వినబడేలా, ఛాతీ విరుచుకుని.