నలభై ఒకటో మంచం

ఏటా పిల్లలకి ప్రార్థన క్యాంపు పెట్టే ఆ మిషన్‌లో ఆడపిల్లలు పడుకునే పెద్ద హాలంటే చుట్టుపక్కల అందరికీ హడల్. పట్టపగలు దాని పక్కగా నడిచేవాళ్ళు కూడా గొంతు తగ్గించేవాళ్ళు. ఎందుకంటే — రాత్రిపూట ఆ హాల్లో ఒక లెక్క ఎక్కువ వస్తుందట!

ఆ లెక్కేంటో చెప్పాలి మీకు. అక్కడ మొదట్నుంచీ ఒక అలవాటు. లైటు తీసేశాక, తలుపు దగ్గర్నుంచి ఒక్కో పిల్లా తన మంచం నంబరు పైకి చెప్పాలి. ఒకటి... రెండు... మూడు... చివరి గోడ దగ్గర పిల్ల "నలభై" అనగానే వార్డెనమ్మ, "అందరూ వచ్చారు, పడుకోండి" అనేది. మంచాలు నలభై, పిల్లలు నలభై. మిషన్ కమిటీ పెట్టిన రూలు అది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక రాత్రి, నలభై తర్వాత చీకట్లోంచి ఇంకో గొంతు వచ్చింది.

"నలభై ఒకటి."

ఇంకేముంది! పిల్లలు దుప్పట్లతో సహా గేటు దాకా పరుగో పరుగు. మర్నాడే హాలుకి తాళం పడింది. తర్వాత క్యాంపులంటే మగపిల్లలకే. వాళ్ళూ ఏడాదికేడాది తగ్గిపోయారు.

ఊరుకుంటే ఆవిడ వార్డెనమ్మ ఎందుకవుతుంది? "కప్పు కారుతుంటే, బాత్రూముకి గడియ లేకపోతే ఈ కాలం పిల్లలు ఎందుకొస్తారండీ? ప్రార్థనకి పిలిచే ముందు పడుకోడానికి చోటు చూపించాలిగా!" అని కమిటీ ప్రాణం తీసింది. తీసి తీసి సాధించింది. కప్పు మార్పించింది. బాత్రూములకి తలుపులు, వేణ్ణీళ్ళు పెట్టించింది. నలభై కొత్త మంచాలు, ప్రతి మంచం దగ్గరా ఫోను చార్జింగుకి ప్లగ్గు. ఆ కరెంటు పనంతా ఎలక్ట్రీషియను ఫ్యూజుది. చీటికీమాటికీ అలుగుతాడని అతనికా పేరు. ఈ కథ నాకు చెప్పిందీ అతనే.

రంగులు ఆరాక కమిటీ పెద్దాయన వచ్చి చూశాడు. చూసి నసిగాడు.

"అంతా బాగుందమ్మా. కానీ ఆ చెడ్డపేరు పోదుగా... స్టోరు రూము చేసేద్దాం."

వార్డెనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "దేవుడి పేరు చెప్పుకు బతికేవాళ్ళం, దెయ్యానికి హాలు రాసిస్తామా? ఈ రాత్రి ఇందులో నేనొక్కదాన్నే పడుకుంటా. పొద్దున నడిచి బయటికొస్తే, ఎల్లుండి ఆడపిల్లలు వస్తారు. పరిగెత్తి వచ్చానా — తాళం మీ ఇష్టం."

నోరు పెద్దదే గానీ, ఆవిడ కడుపులో ఒక మాట తొమ్మిదేళ్ళుగా మగ్గుతోంది.

ఆ గొంతు వినిపించిన ఏడే... క్యాంపు మొదలైన రోజు, జోరువాన. ఆఫీసు కిటికీ దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. నిలువెల్లా తడిసి, పళ్ళు టకటకలాడిస్తూ, "మంచం ఉందా అమ్మా?" అంది. ఈవిడ తలైనా ఎత్తలేదు. "నలభై అయిపోయాయి. వచ్చే ఏడు రా."

ఆ పిల్ల వెనక్కి వెళ్ళింది. దారిలో వాగు... రెండు రోజులకి గానీ దొరకలేదు.

ఎవరూ వార్డెనమ్మని తప్పుపట్టలేదు. రిజిస్టరులో వచ్చినవాళ్ళ పేర్లే ఉంటాయి. వెనక్కి పంపినవాళ్ళని ఎవరు రాస్తారు? మూడో రాత్రి హాల్లో ఆ గొంతు వినిపించింది.

అందుకే ఆవిడకి భయం. దెయ్యమంటే కాదు, ఆ పిల్లకి ఏం చెప్పాలా అని.

రాత్రయింది. బయట వరండాలో మెయిన్ స్విచ్చు దగ్గర ఫ్యూజు నిలబడ్డాడు.

"అక్కా... నేనిక్కడే ఉంటా."

"ఉంటే ఉండు. ముందు లైటు తియ్యి."

చిమ్మచీకటి. కొత్త రంగు వాసన. వార్డెనమ్మ ఒక్కో మంచం తడుముకుంటూ తనే లెక్కపెట్టింది. ఒకటి... రెండు... గొంతు గట్టిగానే ఉంది. ముప్ఫై దాటాక అడుగు నెమ్మదించింది. ముప్ఫై తొమ్మిది...

"నలభై."

చేతికి గోడ తగిలింది. ఇక మంచాల్లేవు.

ఏమీ లేదు. ఎక్కడో కొళాయి బొట్టు... టప్. మళ్ళీ... టప్. కొత్త కొళాయి కదా, ఎందుకు కారుతుంది?

"నలభై... ఒకటి..."

పక్కనే! చెవి పక్కనే. పళ్ళు టకటకమంటున్న చప్పుడుతో సహా.

తలుపు ఆ చివర. కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. ఆవిడ మంచం కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

"మంచం... ఉందా అమ్మా?"

"లేదు," అంది వార్డెనమ్మ. ఏడుపు తన్నుకొస్తోంది. "లేదు తల్లీ. తప్పు నాది. చేయిస్తాను. నిన్నింక ఎవరు పొమ్మంటారో చూస్తాను!"

కొళాయి చప్పుడు ఆగిపోయింది.

తెల్లారి ఆవిడ నింపాదిగా నడిచి బయటికొచ్చింది. కళ్ళు మాత్రం ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఏమైనా వినపడిందా?" అన్నాడు పెద్దాయన.

"వినపడింది. ఒక మంచం తక్కువైంది. చేయించండి."

"రూలు నలభై కదమ్మా..."

"అయితే రూలన్నా మార్చండి, వార్డెన్నన్నా మార్చండి."

సాయంత్రానికి మంచం వచ్చింది. నంబరు ఆవిడే రాసింది. దుప్పటి పరిచి, తల దగ్గర పొడి తువ్వాలు పెట్టింది. ఫ్యూజు అలగకుండా దానికీ ఒక ప్లగ్గు బిగించాడు.

మర్నాడు నలభై మంది ఆడపిల్లలు వచ్చారు. రాత్రి ఫ్యూజు మెయిన్ ఆపాడు. లెక్క మొదలైంది. నవ్వులు, గుసగుసలు, నంబర్లు... "నలభై."

నిశ్శబ్దం.

"నలభై ఒకటి." ఈసారి గొంతు వణకలేదు. హాయిగా ఉంది.

"ఆంటీ... ఎవరది?" నలభయ్యో మంచం పిల్ల మెల్లగా అడిగింది.

"మీలాంటి పిల్లే. తనకి మంచం ఇచ్చింది నేనే," అంది వార్డెనమ్మ ధీమాగా. "అందరూ వచ్చారు, పడుకోం—"

"నలభై రెండు..."

గోడ అవతల నుంచి. ఇంకా చిన్న గొంతు. దాని వెనకే మరొకటి... "నలభై మూడు..."

వరండాలో ఫ్యూజు చేతిలో టార్చిలైటు కింద పడింది. వార్డెనమ్మ గోడ వైపు నడిచింది. ఎన్నేళ్ళు... ఎన్ని కిటికీల దగ్గర... ఎంతమందికి పొమ్మని చెప్పారో!

తర్వాత చీకట్లో ఆవిడ గొంతు వినిపించింది. ఏ మాత్రం తగ్గలేదు.

"కానివ్వండి తల్లీ, చెప్పండి, ఆగొద్దు. ఒరే ఫ్యూజూ... కాయితం, పెన్సిలు పట్రా. మంచాలు ఎన్ని కావాలో రాసుకుందాం."