దగ్గులమిట్ట ఎక్కే లారీ

దగ్గరికి జరగండమ్మా... వెనకున్నోళ్లు గూడా ముందుకు రాండి. ఆ చౌడేశ్వరమ్మ తల్లిని ఒకసారి తలుచుకోని వినండి. గొంతెత్తి చెప్పే కథ కాదు ఇది.

తాడిపత్రి బండలు మోసుకుపోయే దారిలో ఒక మిట్ట ఉండాది. దగ్గులమిట్ట అంటారు. పొద్దు గూకినాక ఆడ తెల్లగుడ్డ కప్పుకున్న ఆకారం ఒకటి నిలబడి దగ్గుతాదంట. ముఖం కనపడదంట. డ్రైవర్లు కిటికీలోంచి నిమ్మకాయ విసిరి, యాక్సిలేటర్ అదిమి తొక్కి, వెనక్కి చూడకుండా దాటిపోతారు.

లారీ డ్రైవర్ ఓబిలేష్ కూడా అంతే. ఏండ్ల తరబడి అంతే.

ఒకనాడు ఆయన లారీలో అర్చన అనే ఇంజనీరమ్మ ఎక్కింది. బరువేసుకున్న డీజిల్ బండ్లు రోడ్డు మీద పోయేటప్పుడు నిజంగా ఎంత పొగ వదుల్తాయో కొలిచే పని ఆమెది. పొగగొట్టానికి పైపు బిగించి, దాన్ని ఒక పెట్టెకు తగిలించి, ముందు సీట్లో తెర పెట్టుకోని కూర్చుంది.

పొద్దు గూకినాక మిట్ట వచ్చింది. నిమ్మకాయ విసిరినాడు. తొక్కినాడు.

తెర మీద గీత... నిట్టనిలువుగా లేచింది.

"ఏందన్నా, దారంతా లేని పొగ ఈడ వస్తాంది?"

"మాట్లాడొద్దు మేడమ్," గుసగుసగా అన్నాడు. "అట్ల చూడొద్దు."

"కాలు తియ్యన్నా ఒకసారి."

"తీస్తే అది ఎక్కి కూర్చుంటాది."

"యాడ కూర్చుంటాది? నేనూ నా పెట్టే ఎక్కినాక నీ బండిలో జాగా యాడుంది?"

ఆయనకు నవ్వు రాలేదు గానీ... కాలు సడలింది. ఎత్తు మీద బరువు బండి. ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బ్రేకు బిగబట్టినాడు.

చడీచప్పుడు లేదు.

ఖళ్... ఖళ్... కిటికీ కిందనే.

అర్చన సెల్‌ఫోన్ లైటు వేసింది. తెల్లచీర... కొంగు నోటికి అడ్డం... చేతిలో ప్రమిద. ముసలామె. పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" అర్చన అడిగింది.

"చౌడమ్మను పాపా. ఈ రాళ్లెనక మా తల్లి గుడి. బండ్లోళ్లు మిట్ట చల్లగా ఎక్కాలని దినామూ దీపం పెడతాండా..." దగ్గు ఆమెను వంచేసింది. లేచినాక మెల్లగా అడిగింది. "ఈడికి రాంగానే నా మీద అంత పొగ పోస్తారేమప్పా? ఇంగ రొమ్ము తట్టుకోలేకుండాది. నేనేం జేసినా మీకు?"

ఇన్నేండ్లూ ఓబిలేష్ ఆమె దగ్గుకు భయపడి తొక్కినాడు. తొక్కి తొక్కి ఆమెకు దగ్గు పెట్టినాడు.

అంతలో మిట్ట కింద లైట్లు. ఇంకో బండల లారీ.

ఓబిలేష్ దూకి రోడ్డు మీదికి ఉరికినాడు. తన బండి వదిలిన పొగ ఇంకా ఆన్నే ఉండాది, గొంతులో పడింది. తెల్ల తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకోని, దగ్గుతా, చెయ్యి ఊపినాడు.

"మెల్లగా అన్నా... మెల్లగా..."

నిమ్మకాయ ఒకటి వచ్చి ఆయన కాళ్ల కాడ పడింది.

ఆ బండి ఇంజను అరుస్తా దాటిపోయింది. పొగ నల్లగా కమ్మింది... చౌడమ్మ చేతిలో దీపం కూడా కనపడలేదు. లారీలో అర్చన ఇందాకటి గీతను చూస్తా కూర్చుంది. ఆమె పెట్టె కొలుస్తాది, ఆపలేదు కదా.

ఓబిలేష్ ఇప్పటికీ ఆ మిట్ట కాడ బండి ఆపి, దిగి, వచ్చేటోళ్లకు చెయ్యి ఊపుతాడు. డ్రైవర్లు మాత్రం వేరే చెప్తాండారు... ఆడ ఇప్పుడు దెయ్యాలు రెండంట.

నాయనలారా, ఒక్కటి మతికి పెట్టుకోండి. ఆడ దగ్గు వినపడితే గేరు దించి, మెల్లగా ఎక్కండి. మీ వెనకొచ్చే బండికీ చెప్పండి. తువ్వాలు మాత్రం ముఖం మీద నుంచి తీసి చెప్పండి.