కుడివైపు స్టీరింగ్

గూడూరు స్టేషన్‌లో మద్రాసు మెయిలు దిగిన రాడార్ ఇంజనీరు కాఫీ కప్పు నోటి దాకా తీసుకెళ్లాడు గానీ తాగలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ నుంచి ఒక్క గుండు వచ్చి అతని పని ముగించింది. జనం మూగేసరికి హంతకుడు ఆ జనంలోనే కలిసిపోయాడు.

వారం తిరక్కుండా జీవానందానికి మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. సీక్రెట్ సర్వీసులో అతను ఏజెంట్ ఎన్-9. నెల్లూరులో మాత్రం కుట్టుమిషన్ల ఏజెంటు. ఆదివారం పూట అరచేతిలో పట్టే కార్లు చేసుకుంటూ, వాటికి రంగులేసుకుంటూ కూర్చునే పిచ్చోడని వీధిలో పేరు. ఆ పేరు కోసం అతను ప్రత్యేకంగా నటించాల్సిన పని పడలేదు.

"బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున మన రాడార్ స్టేషన్ పూర్తి కావస్తోంది," అన్నాడు చీఫ్. "ఒక విదేశీ ముఠా దాన్ని ఆపాలని చూస్తోంది. మొదటి ఇంజనీరును చంపేశారు. రెండో ఆయన సంజీవరావు శనివారం వస్తున్నాడు. ఆయన కూడా పోతే ఆ మెషీన్ బిగించగలిగేవాడు దేశంలో లేడు. ఆయన వచ్చే రూటు, టైము అక్కడి సెక్యూరిటీ ఆఫీసర్ క్రీస్తురాజుకు ముందే చేరాలి. ఫోను వద్దు, వైర్‌లెస్ వద్దు. రెండూ లీకవుతున్నాయి."

"మైక్రోఫిల్మ్ తీసి నా బొమ్మకార్లో పెట్టి పంపుతాను సార్."

"పట్టుకెళ్లేదెవరు?"

"కరుణాకుమారి."

చీఫ్ తల ఊపాడు. కరుణాకుమారి సర్వీసులో అందరికంటే తెలివైన ఏజెంటు. నల్ల కళ్లద్దాలు, నైలాన్ చీర, ఎంతటి మగవాడినైనా మాట మధ్యలో తడబడేట్టు చేసే నవ్వు. విదేశీ ముఠాలో మన మనిషిగా చేరి, వాళ్ల కబుర్లు మోసుకొచ్చేది ఆమే. ఈ సంగతి చీఫ్‌కు తెలుసు. చీఫ్‌కు తెలియనిది ఇంకొకటి ఉంది. ఈ పని ముగియగానే ఆమెను పెళ్లి చేసుకోమని అడగాలని జీవానందం నిశ్చయించుకున్నాడు.

వాళ్లిద్దరినీ కలిపింది కార్లే. చర్చి వదలగానే ఆమె అతని గదికి వచ్చేది. అతను చెక్క చెక్కి, రేకు వంచి కారు కట్టేవాడు. ఆమె రంగు వేసేది. ఉప్పుగాలి తగిలితే పచ్చి పెయింట్ తెల్లబారిపోతుందని కిటికీలన్నీ మూసేసేవాళ్లు. చెమటలు కారుతున్నా ఆమె చెయ్యి వణికేది కాదు. బ్రష్ పట్టుకున్నప్పుడు చిటికెన వేలు మాత్రం బిగుసుకుని పైకి లేచి ఉండేది. ఆ వేలును చూస్తూ అతను ఎన్నిసార్లు పని మరిచిపోయాడో చెప్పలేం.

ఈసారి కట్టింది నల్ల అంబాసిడర్. పైకప్పు ఎత్తి, ముందు సీటు కింద ఫిల్మ్ అమర్చి, కప్పు అంటించేశాడు. పెట్టెకు లక్కసీలు వేసి కరుణాకుమారి చేతికిచ్చాడు.

"జాగ్రత్త," అన్నాడు.

"నీ కారుకా, నాకా?" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక బల్ల సర్దుతుంటే బొమ్మకారు విడిభాగాల ఖాళీ కిట్ డబ్బా కనబడింది. మద్రాసు హార్బరులో ఒక నావికుడి దగ్గర కొన్న విదేశీ కిట్ అది. తొందరలో డాష్‌బోర్డూ స్టీరింగూ అందులోవే తీసి బిగించేశాడు. ఆ దేశంలో డ్రైవర్ కూర్చునేది ఎడమపక్క. నెల్లూరు రోడ్ల మీద తిరగాల్సిన అంబాసిడర్‌కు ఎడమవైపు స్టీరింగ్ పెట్టి పంపాడన్నమాట. ఎవడూ పట్టించుకోడని తెలిసినా జీవానందానికి ఆ పూట అన్నం సయించలేదు. ఈ పిచ్చి ఉన్నవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

శనివారం పొద్దున మోటార్ సైకిల్ మీద అతను బోగోలు గెస్ట్‌హౌస్ చేరాడు. కుట్టుమిషన్ల కేటలాగు చంకలో ఉంది.

"పెయింట్ ఆరిందా అన్నా?" అని అడిగాడు వరండాలో నిలబడ్డ లావుపాటి మనిషిని.

"ఇంకో కోటు కావాల," అన్నాడు క్రీస్తురాజు. కోడ్ కుదిరింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

"సీలు సీలుగానే ఉండాది. ఫిల్మ్ వచ్చినాది. ఏం పని చేసినావయ్యా, నిజం కారే అనుకో," అంటూ క్రీస్తురాజు మోడల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

జీవానందం తన తప్పును ఇంకోసారి చూసుకుందామని వంగి అద్దంలోంచి చూశాడు. స్టీరింగ్ కుడివైపు ఉంది.

డాష్‌బోర్డు కొత్తది. మీటర్ల చుట్టూ వెంట్రుకంత సన్నటి వెండి గీత. పెయింట్ వాసన ఇంకా పోలేదు. పైకప్పు ఎత్తకుండా లోపల ఆ పని చెయ్యడం ఎవరివల్లా కాదు. ఆ గీత గీయగల చెయ్యి దేశం మొత్తం మీద ఒక్కటే ఉందని అతనికి బాగా తెలుసు. గబుక్కున తల ఎత్తాడు.

"సంజీవరావు కారు ఆపండి. ఫిల్మ్ వాళ్లు చూసేశారు."

"ఇంకెక్కడ ఆపేది? కోవూరు దాటి శానాసేపయింది. కాలవ బ్రిడ్జి కాడికి వస్తా ఉంటాది."

కాలవ మీద చెక్క వంతెన. ప్రతి కారూ నెమ్మదించి తీరాల్సిన చోటు. కారు పేల్చే పని తనకే అప్పగిస్తే బాంబు అక్కడే పెడతాడు.

"జీపులో మనుషుల్ని వేసుకుని రండి," అని జీవానందం మోటార్ సైకిల్ ఎక్కాడు.

వంతెనకు ఇవతలే బండి వదిలి, నడుములోతు నీళ్లలోకి దిగి చెక్కల కిందికి దూరాడు. నడిమి స్తంభానికి గోనెగుడ్డ చుట్టిన మూట కట్టి ఉంది. దాన్నుంచి రెండు తీగలు గడ్డిలోంచి అవతలి గట్టు మీదికి పోతున్నాయి. జేబులోంచి, బొమ్మ ముక్కలు కత్తిరించే చిన్న కట్టర్ తీశాడు. ఒక తీగ తెగింది. కారు హారన్ వినిపించింది. కట్టర్ తడిచేతిలో జారింది. మళ్లీ పట్టు దొరికేసరికి తలమీద చెక్కలు గడగడలాడాయి. రెండో తీగ కూడా తెగింది.

అతను పైకెక్కి చెయ్యి అడ్డం పెట్టి కారును వంతెన నడుమే ఆపాడు. వెనక సీట్లో సంజీవరావు కళ్లజోడు సవరించుకుని ఏమిటన్నట్టు చూశాడు. జీవానందం అవతలి గట్టు వైపు తిరిగాడు.

గట్టు మీద ఎండుచేపల గంప ముందర ఒకామె కూర్చుని ఉంది. ముతక చీర, కొప్పు, నోట్లో చుట్ట. గంప మీది గుడ్డ పట్టుకున్న చేతికి చిటికెన వేలు బిగుసుకుని పైకి లేచి ఉంది.

ఆమె అతన్ని చూసింది. మూట మీద, కారు పక్కన అతను నిలబడ్డాడని ఆమెకు స్పష్టంగా కనిపిస్తోంది. తీగలు తెగిన సంగతి తెలియదు. నొక్కదని అతను ఆశపడ్డాడు. గంప వదిలేసి లేస్తుందని, ఏదో ఒక అబద్ధం చెబుతుందని, దాన్ని తను నమ్మేస్తాడని కూడా అనుకున్నాడు.

ఆమె గంపలో చెయ్యి పెట్టి నొక్కింది. ఏమీ పేలలేదు. మళ్లీ నొక్కింది.

మొదటిసారికి జీవానందం ఏదో ఒక సాకు వెతికి ఉండేవాడు. రెండోసారికి దొరకలేదు.

క్రీస్తురాజు మనుషులు ఆమెను పట్టుకున్నారు. తీరాన ఆమె కోసం కాచుకున్న మోటార్ బోటూ, అందులోని విదేశీయులూ కస్టమ్స్ లాంచికి చిక్కారు. జీపు ఎక్కించబోతుంటే ఆమె ఆగింది.

"ఎట్టా కనుక్కున్నావు జీవా?"

"స్టీరింగు."

"ఎడమపక్కన చూసి ఉండబట్టలేకపోయినా. నీ చేతి పని అట్టా తప్పుగా పోవడం నాకు నచ్చలా."

"నేను ముక్కలైపోవడం నచ్చిందా?"

"దానికి ఆర్డరు వచ్చినాది," అంది. "స్టీరింగుకు ఎవురూ ఆర్డరు ఇయ్యలా."

జీపు కదిలింది. అతను ఎండలో చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

సంజీవరావు మెషీన్ బిగించాడు. రాడార్ పనిచేసింది. మద్రాసులో చీఫ్ లేచి జీవానందానికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

"కొత్త అసైన్‌మెంట్ ఉంది ఎన్-9. ఈసారి పార్ట్‌నర్ ఎలాంటి మనిషి కావాలో నువ్వే చెప్పు."

"నా కారులో ఎంత పెద్ద తప్పున్నా పట్టించుకోని మనిషిని ఇవ్వండి సార్."