పంతొమ్మిది చిత్తుప్రతులు

"నా టూల్ చాలు," అన్నాడు సుధీష్. "సర్వర్‌లో ఏముంటే బ్యాకప్‌లోనూ అదే. ఇక్కడ పోయింది అక్కడా పోతుంది. శుభ్రం!"

"పోయినవాటి కోసమే కదా చేట్టా, బ్యాకప్!" అంది స్మేర, వయసులో పెద్దవాణ్ణి అక్కడివాళ్ళు పిలిచే తీరులో. "నాది మారినంత వరకే తీసి దాస్తుంది. చోటు తక్కువ. మొన్నటిది అడిగితే మొన్నటిదే ఇస్తుంది."

కేరళలోని అలప్పుళ కొబ్బరిపీచు ఎగుమతిదారుల సంఘంలో మెయిల్ సర్వర్ చూసేది వీళ్ళిద్దరే. ఏ టూల్ వాడాలో ఇవాళే, శుక్రవారమే తేలాలి. శనివారం స్మేరకు కోళిక్కోడ్ బదిలీ. ఆ మాట విన్నప్పటినుంచి సుధీష్‌కు ఇష్టమైన అరటిపండు బజ్జీ, పళంపొరి కూడా సహించడం లేదు. బదిలీ అంటే చిన్న మాటే. ఊళ్ళు మారినవాళ్ళు ఎందరు మళ్ళీ కలిశారు గనుక?

"ఎవరిదో ఒక మెయిల్‌బాక్స్ సోమవారం నాటిది వెనక్కి తెచ్చి చూపించండి," అన్నారు మేనేజర్ ఉమ్మన్ సార్.

"నాది తీసుకోండి!" ఛాతీ విరిచాడు సుధీష్. మామూలుగా బ్యాకప్ రోజుకొక్కసారి, సాయంత్రం ఆరింటికి నడుస్తుంది. స్మేరకు రాసి, పంపలేక మిగిలిన డ్రాఫ్టుల్ని అతను రోజూ ఐదున్నరకే చెరిపేసేవాడు. సోమవారం నుంచి స్మేర తన టూల్‌ను గంటగంటకూ నడుపుతోందని మాత్రం అతనికి తెలియదు.

స్మేర తన టూల్‌తో సోమవారం మధ్యాహ్నం నాటి అతని మెయిల్‌బాక్స్ వెనక్కి తెచ్చింది. తెర నిండా ఒకటే పేరు.

"ఇదేంటి, అన్నీ నాకే!" అంది స్మేర.

సుధీష్ కంప్యూటర్ ప్లగ్గు పీకడానికి దూకాడు.

"యూపీఎస్ ఉంది మోనే, ఆగదు, కూర్చో," అన్నారు ఉమ్మన్ సార్, కొడుకును పిలిచినట్టు. ఒకటి చదివి దగ్గి, కూతురితో అన్నట్టు స్మేరతో అన్నారు. "టూల్ బాగుంది మోళే. దీన్నే పెట్టండి. నేను టీ తాగొస్తా." గొడుగు లేకుండానే వానలోకి వెళ్ళిపోయారు.

స్మేర ఒక్కొక్కటీ తెరిచింది. "ఒక్క రోజులో పంతొమ్మిది! మొదటిదాంట్లో 'గౌరవనీయులైన స్మేర గారికి.' ఏడోదాంట్లో వెన్నెల. పన్నెండోదాంట్లో నేను తిట్టినా బాగుంటానట!"

"చాలు, చంపకు."

"అన్నీ మార్చారు. ఒక్క లైను మాత్రం అన్నింట్లోనూ అలాగే ఉంది, 'నువ్వు వెళ్ళిపోతే నాకు భయం' అని." ఆమె గొంతు తగ్గింది. "మరి పంపలేదేం?"

"కాదంటావేమోనని."

"వెళ్ళడం తప్పదు చేట్టా. కానీ రేపు నా రైలు మధ్యాహ్నం. పొద్దున్నే మా ఇంటికొచ్చి అమ్మతో ఆ లైను చెప్పండి."

"ఎలా మొదలుపెట్టను? రాసుకుని రానా?"

"కాగితం కనబడిందో, గుమ్మం ఎక్కనివ్వను," అంటూ అతని కుర్చీ పక్కకు తన కుర్చీ జరుపుకుంది.